నల్ల తెర వెనక ఉత్తరాల పెట్టె: 1965 నుంచి ఇప్పటిదాకా



పోయిన వారం గ్రూపులో ఇంటర్ చదివే తమ్ముడొకడు అడిగాడు, "మెయిల్ సర్వర్ సపోర్ట్ ఉద్యోగం అంటే ఏంటన్నా? నల్ల తెర మీద ఏదో కొడుతూ కూర్చుంటారంట, నిజమేనా?" అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు గానీ, ఆ నల్ల తెరకి అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలియకుండా ఉద్యోగాల్లో చేరిన మన సీనియర్లు మొదటి మూడు నెలలు ఎంత అవస్థ పడ్డారో మా హాస్టల్లో అందరికీ తెలుసు. అందుకే మా రూమువాళ్లం కలిసి చదివి, వాదించుకుని ఇది రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటుంది. సిగ్నల్ ఉన్నప్పుడు తెరిచి పెట్టుకోండి, తర్వాత మెల్లగా చదువుకోవచ్చు.

ముందు ఒక్క విషయం. మన మెయిల్ మన ఫోన్లో ఉండదు. ఎక్కడో ఒక కంప్యూటర్లో మన పేరు మీద ఒక పెట్టె ఉంటుంది, ఫోను దాన్ని తెరిచి చూపిస్తుంది, అంతే. ఒక కాలేజీలో నాలుగు వేల మంది ఉంటే నాలుగు వేల పెట్టెలు. కొత్తవాళ్లకి పెట్టె తెరవాలి, వెళ్లిపోయినవాళ్లది మూయాలి, నిండిపోయినదానికి చోటు పెంచాలి. ఒక్కొక్కటి మౌసుతో నొక్కుకుంటూ పోతే తెల్లారిపోతుంది. కాబట్టి ఆజ్ఞలన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి ఒకేసారి నడిపిస్తారు. దాన్నే స్క్రిప్ట్ అంటారు. మనిషి తప్పు చేస్తే ఒక పెట్టె దగ్గర చేస్తాడు. స్క్రిప్టులో తప్పుంటే నాలుగు వేల పెట్టెల దగ్గరా అదే తప్పు జరుగుతుంది, అదీ మనం టీ తాగి వచ్చేలోపు.

స్క్రిప్టూ మెయిలూ ఒకే కంప్యూటర్ మీద, దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. ఈ సంగతి మాకు చాలా నచ్చింది. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో 1960ల మొదట్లో సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థ ఉండేది. ఐ.బి.ఎం. 7094 అనే గది నిండా పట్టే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు అది. అక్కడ పనిచేసిన లూయీ పూజాఁ అనే ఫ్రెంచి ఇంజనీరుకి ఒకే ఆజ్ఞల్ని మళ్లీ మళ్లీ కొట్టడం విసుగనిపించి, ఆజ్ఞల్ని ఫైల్లో రాసిపెట్టి నడిపించే రన్‌కామ్ అనే పరికరం తయారు చేశాడు. ఈ రోజుకీ లైనక్స్‌లో బాష్ అమరికల ఫైలు పేరు చివర్న కనిపించే 'ఆర్‌సి' అనే రెండక్షరాలు దాని గుర్తే. 'షెల్' అన్న మాట పెట్టింది కూడా ఆయనే.

అదే పూజాఁ, గ్లెండా ష్రోడర్, పాట్ క్రిస్మన్ కలిసి సుమారు 1965 మొదట్లో మెయిల్ అనే ఆజ్ఞ కావాలని ఒక చిన్న నోటు రాశారు. ఆ వేసవిలో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు దాన్ని నిజంగా రాసేశారు. ఎవరికైనా మెయిల్ పంపితే, వాళ్ల డైరెక్టరీలో 'మెయిల్ బాక్స్' అనే ఫైలు పుట్టి, అందులో ఆ ఉత్తరం చేరేది. పెట్టె అంటే అప్పటికి ఒక మామూలు ఫైలే. పోయిన ఫైళ్లని టేపుల మీంచి తిరిగి తెచ్చాక వాడుకరికి కబురు చెప్పడం ఆ నోటులో చెప్పిన ఉపయోగాల్లో ఒకటి. పోయినదాన్ని తిరిగి తేవడం అన్న మాట మెయిల్ పుట్టుకలోనే ఉందన్నమాట. కింద మా హాస్టల్ సంగతి చదివేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇందులో ఒక చిక్కుంది. మామూలుగా ఒకరి ఫైల్లో ఇంకొకరు రాయకూడదు. మెయిల్ పని జరగాలంటే మాత్రం రాయక తప్పదు. అందుకని మెయిల్ ఆజ్ఞకి ప్రత్యేక అధికారం ఇచ్చారు. ఊళ్లో అందరి ఇళ్లలోకీ వెళ్లే అనుమతి ఉన్న మనిషి మంచివాడైనంతకాలం ఇబ్బంది లేదు. తర్వాత ఇరవై మూడేళ్లకి ఏమైందో చెప్తాం.

1971 చివర్లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మెయిల్ పంపడం, పేరుకీ యంత్రానికీ మధ్య @ గుర్తు పెట్టడం చాలామందికి తెలిసిన కథే, పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాల్లో తక్కువగా కనిపించే పేరు అభయ్ భూషణ్. కాన్పూర్ ఐ.ఐ.టి. మొదటి బ్యాచ్ విద్యార్థి. ఎం.ఐ.టి.కి వెళ్లి 1971లో ఫైళ్లు పంపే పద్ధతి, అంటే ఎఫ్.టి.పి.ని రాశాడు. 1972లో అదే పద్ధతికి మెయిల్ పంపే ఆజ్ఞలు చేర్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు నెట్‌వర్క్ మీద మెయిల్ ఆ దారిలోనే తిరిగింది. 1982లో జాన్ పోస్టెల్ మెయిల్ కోసమే విడిగా ఎస్.ఎం.టి.పి. అనే పద్ధతి రాశాక ఆ పాత దారి మూతపడింది.

ఈ ఎస్.ఎం.టి.పి. గురించి తెలుసుకోవాల్సింది ఏంటంటే, రెండు సర్వర్లు మాట్లాడుకునేది మామూలు ఇంగ్లీషు మాటల్లోనే. మొదట 'హెలో' అంటుంది, ఇంగ్లీషులో నాలుగక్షరాలే. తర్వాత ఎవరి నుంచి, ఎవరికి, ఇదిగో విషయం, ఇక సెలవు. ప్రతి మాటకీ అవతలి సర్వర్ ఒక అంకెతో జవాబిస్తుంది. 250 అంటే సరే. 4తో మొదలైతే ఇప్పుడు కాదు, తర్వాత ప్రయత్నించు. 5తో మొదలైతే ఇక కుదరదు, మానెయ్. కాబట్టి స్క్రిప్ట్ పాడైందా, సర్వర్ పాడైందా అని తేల్చుకోవాలంటే నల్ల తెర మీద మనమే సర్వర్‌లా నటించి, 25వ నంబరు పోర్టులోకి వెళ్లి, ఆ మాటలు చేత్తో కొట్టి చూడొచ్చు. నలభై ఏళ్లు దాటినా ఈ పరీక్ష పనిచేస్తోంది. కంపెనీలో చేరిన మన అక్క ఒకరు మాకు మొదట నేర్పింది ఇదే.

ఇక యూనిక్స్ కాలానికి వస్తే, ఒక మనిషికి ఒక ఫైలు, అందులో ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి. దీన్ని ఎంబాక్స్ అంటారు. ఒక ఉత్తరం ఎక్కడ అయిపోయింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది అని ఎలా తెలుస్తుంది? 'ఫ్రమ్' అనే మాట, దాని పక్కన ఖాళీ, వీటితో వరస మొదలైతే కొత్త ఉత్తరం అని గుర్తు పెట్టుకున్నారు. మరి ఉత్తరం రాసేవాడే ఒక వాక్యాన్ని 'ఫ్రమ్' అని మొదలుపెడితే? పెట్టె లెక్క తప్పి ఒక ఉత్తరం రెండు ముక్కలవుతుంది. దానికి మందుగా అలాంటి వరస ముందు > గుర్తు అంటించడం మొదలుపెట్టారు. పాత మెయిళ్లలో ఎక్కడైనా ఊరికే > కనిపిస్తే అది ఈ గాయం మచ్చ అనుకోండి. ఉత్తరాలు లెక్కపెట్టే చిన్న స్క్రిప్ట్ రాసినవాళ్లకి, ఇన్‌బాక్స్‌లో 40 ఉంటే 43 అని వస్తే, చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు.

ఇంకో బాధ కూడా ఉంది. రేషన్ షాపులో ఒకే రిజిస్టర్లో ఇద్దరు ఒకేసారి రాస్తే ఏమవుతుంది? అదే. కొత్త మెయిల్ వచ్చి చేరుతుండగా ఇంకో ప్రోగ్రాం పాతవి తుడుస్తుంటే ఫైలు చెడిపోతుంది. తాళం వేసి రాయాలి, రాసి తాళం తీయాలి. తాళం వేసిన ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోతే తాళం అలాగే ఉండిపోయి ఎవరికీ మెయిల్ రాదు. 1990ల మధ్యలో డేనియల్ బెర్న్‌స్టీన్ అనే గణితజ్ఞుడు క్యూమెయిల్ తయారుచేస్తూ ఈ తాళాల గొడవే వద్దని మెయిల్‌డిర్ అనే పద్ధతి పెట్టాడు. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. మూడు సంచులు: సగం రాసినవి ఒకదాంట్లో, కొత్తవి ఒకదాంట్లో, చూసినవి ఒకదాంట్లో. పూర్తిగా రాయడం అయ్యాకే కొత్తవాటి సంచిలోకి జరుపుతుంది. కరెంటు పోయినా సగం ఉత్తరం ఎవరికీ కనపడదు. బాగుంది కదా? కానీ దీనికీ ఒక సమస్య వచ్చింది. ఒక పెట్టెలో లక్షల ఫైళ్లు చేరాక, అన్నీ తీసెయ్ అని ఒక్క ఆజ్ఞ ఇస్తే 'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్' అని షెల్ చేతులెత్తేస్తుంది. ఒక ఆజ్ఞలో ఇమిడే పేర్లకి హద్దుంటుంది. అప్పుడు ఫైండ్ ఆజ్ఞతో కొంచెం కొంచెంగా అందించాలి. ఇంటర్వ్యూల్లో ఇది అడుగుతున్నారు, రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. కాలిఫోర్నియాలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ 1979లో డెలివర్‌మెయిల్, తర్వాత 1983లో బయటికొచ్చిన సెండ్‌మెయిల్ రాశాడు. చాలా ఏళ్లు ఇంటర్నెట్ మెయిల్లో పెద్ద భాగం దాని చేతుల మీదుగానే పోయింది. అందరి పెట్టెల్లోనూ రాయాలి కాబట్టి దానికి యంత్రం మీద సర్వాధికారం. సమస్యలు పట్టుకోవడానికి వీలుగా అందులో డీబగ్ అనే ఆజ్ఞ ఒకటుంది. అది వాడితే ఉత్తరాన్ని ఒక మనిషికి బదులు ఒక ప్రోగ్రాంకి పంపొచ్చు. పరీక్షలకి పనికొచ్చేదే, కానీ చాలాచోట్ల దాన్ని తెరిచే వదిలేశారు. 1988 నవంబర్ 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ (ఇందాకటి నోయెల్ మోరిస్‌ వేరు, ఈయన వేరు) వదిలిన పురుగు ఆ తలుపులోంచే దూరి వేల కంప్యూటర్లని మూలన పడేసింది. రిపేరు కోసం పెట్టుకున్న తలుపే దొంగకి దారైంది. ఆ తర్వాత వచ్చిన క్యూమెయిల్, 1998లో వీట్సే వెనెమా తెచ్చిన పోస్ట్‌ఫిక్స్, రెండూ పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి దానికి కావాల్సినంత అధికారమే ఇచ్చాయి. ఈనాడు చాలా కాలేజీ సర్వర్లలో నడిచేది పోస్ట్‌ఫిక్సే.

సెండ్‌మెయిల్ గురించి ఇంకో కథ చెప్పకపోతే మా రూములో ఒకడు ఊరుకోడు. ట్రే హారిస్ అనే ఆయన 1990లలో ఒక అమెరికా యూనివర్సిటీలో మెయిల్ చూసుకునేవారు. ఈ అనుభవం 2002లో రాశారు. ఒకరోజు స్టాటిస్టిక్స్ విభాగాధిపతి ఫోన్ చేసి, "మా విభాగం నుంచి 500 మైళ్ల కంటే దూరానికి మెయిల్ పోవట్లేదు" అన్నాడట. ఎవరైనా నవ్వుతారు. మెయిల్‌కి దూరం ఏంటి? మన విశాఖ నుంచి చెన్నై దాకా పోతుంది, ఆ తర్వాత పోదు అన్నట్టుంది. కానీ వాళ్లు లెక్కలవాళ్లు, ఫిర్యాదు చేసే ముందు కొన్ని రోజులు వివరాలు పోగు చేసి మరీ చెప్పారు. హారిస్ కూడా పరీక్ష మెయిళ్లు పంపి చూశారు. న్యూయార్క్‌కి పోయింది. ప్రావిడెన్స్‌కి పోలేదు. నిజంగానే ఎక్కడో 500 మైళ్లు దాటాక ఆగిపోతోంది!

ఆయన ఎలా పట్టుకున్నారో చూడండి. ముందు అమరికల ఫైలు చూశారు, తాను రాసిందే, ఒక్క అక్షరం మారలేదు. తర్వాత 25వ పోర్టులోకి వెళ్లి చూస్తే, జవాబిచ్చింది పాత సెండ్‌మెయిల్ 5. ఈయన అమరికలు రాసింది సెండ్‌మెయిల్ 8 కోసం. ఎవరో కన్సల్టెంట్ వచ్చి సర్వర్ ఆపరేటింగ్ సిస్టం కొత్తది చేస్తూ, తెలియకుండానే సెండ్‌మెయిల్‌ని పాతదానికి దించేశాడు. కొత్త ఫైల్లోని పొడుగు పేర్లు పాత ప్రోగ్రాంకి అర్థం కాక చెత్త అనుకుని వదిలేసింది. అలా వదిలేసిన వాటిలో 'అవతలి సర్వర్ కోసం ఎంతసేపు ఆగాలి' అన్నది ఒకటి. విలువ లేకపోతే సున్నా. సున్నా అన్నా ఆ యంత్రం మీద నిజంగా వదిలేయడానికి 3 మిల్లీసెకన్లు పట్టేది. కాంతి 3 మిల్లీసెకన్లలో 558 మైళ్ల పైచిలుకు పోతుంది. అంతే.

(వెళ్లి రావాలి కదా, దూరం సగం కావాలి కదా అని మాలో ఫిజిక్స్ చదివేవాడు పట్టుకున్నాడు. కొన్ని వివరాలు మార్చి, విసుగు పుట్టించేవి వదిలేసి చెప్తున్నానని హారిస్ కథ మొదట్లోనే రాశారు. కాబట్టి ఇక్కడితో ఆపాం.)

ఫిర్యాదు చేసినవాళ్లని వెర్రివాళ్లు అనుకుని ఫోన్ పెట్టేసి ఉంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు. మనవాళ్లు ఆఫీసులకి వెళ్లి 'మాకు మెయిల్ రావట్లేదు సార్' అంటే ఏం జవాబొస్తుందో మనకి తెలుసు. అందుకే ఆ లెక్కలవాళ్ల పద్ధతి మాకు నచ్చింది. ఎప్పుడు, ఎవరికి, ఎన్నిసార్లు అని కాగితం మీద పెట్టి మరీ వెళ్లారు.

విండోస్ వైపు కథ వేరు. అక్కడ చాలాకాలం అంతా మౌసే. 1997 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ కంపెనీలోనే, సుమారు 13 వేల మంది ఉన్న బెడ్‌లమ్ డిఎల్3 అనే జాబితాకి ఒకరు నన్నెందుకు ఇందులో పెట్టారని మెయిల్ పెట్టారు. నన్నూ తీసెయ్యండి, నన్నూ తీసెయ్యండి అని అందరూ అందరికీ జవాబివ్వడంతో వాళ్ల మెయిల్ వ్యవస్థే కూలబడింది. మన వాట్సాప్ గ్రూపుల్లో 'గుడ్ మార్నింగ్'లు చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

2002లో జెఫ్రీ స్నోవర్ అనే ఇంజనీరు విండోస్‌కి కూడా అసలైన ఆజ్ఞల తెర కావాలని ఒక పత్రం రాశాడు. ఆ పని వల్ల కంపెనీలో తన హోదా తగ్గించారని ఆయనే తర్వాత చెప్పాడు. 2006 నవంబర్‌లో అది పవర్‌షెల్‌గా వచ్చింది. వెంటనే వచ్చిన ఎక్స్చేంజ్ 2007 మెయిల్ సర్వర్‌ని పూర్తిగా దాని మీదే కట్టారు. మౌసుతో నొక్కినా వెనకాల నడిచేది ఆజ్ఞే. అప్పటినుంచి విండోస్ మెయిల్ ఉద్యోగం అంటే పవర్‌షెల్ రావాల్సిందే.

ఇందులో కొత్తవాళ్లు పడే గోతులు రెండు చెప్తాం. గెట్-మెయిల్‌బాక్స్ అని కొడితే పెట్టెలన్నీ వస్తాయనుకుంటాం. మామూలుగా 1000 మాత్రమే వస్తాయి. ఇంకా ఉన్నాయని తెర మీద పసుపు రంగులో హెచ్చరిక వస్తుంది గానీ, రాత్రిపూట దానంతటదే నడిచే స్క్రిప్టులో ఆ పసుపు వరస ఎవరు చూస్తారు? 1001వ వాడికి పని జరగదు, తప్పు జరిగినట్టు కూడా తెలియదు. హద్దు లేదని రిజల్ట్‌సైజ్ దగ్గర మనమే చెప్పాలి. రెండోది పేర్ల గొడవ. డిజేబుల్-మెయిల్‌బాక్స్ అంటే పెట్టెని మనిషి నుంచి విడదీస్తుంది, మనిషి ఖాతా ఉంటుంది. రిమూవ్-మెయిల్‌బాక్స్ అంటే పెట్టెతో పాటు మనిషి లాగిన్ ఖాతా కూడా పోతుంది. పేరు చూస్తే పెట్టె ఒక్కటే పోతుందనిపిస్తుంది కదా! రెండిట్లోనూ పెట్టె వెంటనే చెరిగిపోదు. మామూలు అమరికల్లో 30 రోజులు దాచి ఉంచుతుంది. గూగుల్ సంస్థల ఖాతాల్లో తీసేసిన మనిషిని 20 రోజుల్లోపు తిరిగి తేవచ్చు.

ఈ 30 రోజుల దగ్గర కొంచెం ఆగుదాం. మాకు తెలిసిన ఒక డిగ్రీ కాలేజీలో చేరగానే అందరికీ కాలేజీ మెయిల్ ఇస్తారు. స్కాలర్‌షిప్, ఇంటర్న్‌షిప్, అన్నీ దాంతోనే. రోల్ నంబర్లో మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం. ఏప్రిల్ చివర్లో ఒక స్క్రిప్ట్ నడిచింది: చేరిన ఏడాదికి మూడు కలుపు, ఈ ఏడాది వస్తే ఆ పెట్టెలు తీసెయ్. మూడేళ్ల డిగ్రీ కాబట్టి లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. కానీ మధ్యలో ఏడాది ఆగి మళ్లీ చేరినవాళ్లు? పాత రోల్ నంబరే ఉంటుంది, ఇంకా చదువుతుంటారు. అలా ఆగేది ఎవరు? మలేరియా వచ్చి మంచాన పడ్డవాళ్లు, నాన్న పోతే ఏడాది కూలికెళ్లినవాళ్లు. మా హాస్టల్లోనే ముగ్గురు.

వాళ్లలో ఒక అక్క సెలవుల్లో పట్నంలో ఉంది కాబట్టి మూడో వారంలో తెలుసుకుని వెళ్లి అడిగింది. ఒక్క ఆజ్ఞతో పెట్టె తిరిగొచ్చింది, పది నిమిషాల పని. మిగతా ఇద్దరన్నలు ఊళ్లలో ఉన్నారు. అడ్డాకుల పని, చింతపండు కొట్టే పని, సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. జూన్ రెండో వారంలో వచ్చి చూస్తే 30 రోజులు దాటిపోయాయి. సర్టిఫికెట్ల స్కాన్లు మళ్లీ సంపాదించుకున్నారు. ఒకన్నకి మాత్రం శిక్షణ సంస్థ నుంచి ఇంటర్వ్యూ పిలుపు ఆ పెట్టెకే వచ్చింది. ఫోన్ చేస్తే వాళ్లన్నది, మీ మెయిల్ తిరిగొచ్చింది, అడ్రస్ తప్పిచ్చారేమో అని. తిరిగొచ్చిన కాగితం మీద ఉండే అంకె 550. ఆ పెట్టె ఇక్కడ లేదు అని చెప్పడానికి 1982లో పెట్టిన అంకె. అవతలివాళ్లకి అది యంత్రం మాట, నిజమే చెప్పింది. మనిషి ఉన్నాడా, చదువుతున్నాడా అన్నది దానికి తెలియదు.

30 రోజులంటే రోజూ సిగ్నల్ ఉండేవాళ్లకి బోలెడు సమయం. ఆ గడువు పెట్టినవాళ్లు మన ఊళ్లు చూడలేదు, చూడాలని కూడా అనం. కానీ ఆ అంకెని మార్చే వీలు సర్వర్లోనే ఉంది, ఆజ్ఞ ఒక్క వరస. హాస్టల్ తరఫున మేం అర్జీ పెట్టాం. ముగ్గురి వివరాలు, తేదీలు, తిరిగొచ్చిన మెయిల్ ప్రింటు, ఆ స్టాటిస్టిక్స్ విభాగంవాళ్ల లాగే అన్నీ జతచేశాం. ఇప్పుడు చేరిన సంవత్సరం వదిలేసి, పరీక్ష ఫీజు కట్టినవాళ్ల జాబితాతో సరిచూసి తీస్తున్నారు. అది కూడా ఆగస్టులో, అందరూ తిరిగొచ్చాక.

పేర్ల చిక్కు కూడా ఇలాంటిదే. ఇంటిపేరు ముందు పెట్టి, పేరులో ఒక్క అక్షరం తీసుకుని మెయిల్ అడ్రస్ తయారుచేసే స్క్రిప్టులు చాలా ఉన్నాయి. పాంగి, కొర్రా, వంతల, కిల్లో ఇంటిపేర్లవాళ్లు ఒకే క్లాసులో ఎంతమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు. ఇద్దరికి ఒకే అడ్రస్ వస్తే రెండోవాడి దగ్గర స్క్రిప్ట్ ఎర్ర వరస చూపించి ముందుకెళ్లిపోతుంది. లాగ్ ఫైలు చూడకపోతే రెండోవాడికి పెట్టె లేదని అడ్మిషన్ అయిన నెలకి తెలుస్తుంది. మీకు కాలేజీ మెయిల్ ఇంకా రాలేదంటే మొదట అడగాల్సింది ఇదే: మా పేరుతో ఇంకెవరైనా ఉన్నారా, స్క్రిప్ట్ లాగ్‌లో ఏముంది అని. రోల్ నంబర్ సున్నాతో మొదలైతే, ఎక్సెల్లో తెరిచి సేవ్ చేసినప్పుడు ఆ సున్నా ఎగిరిపోయిందేమో కూడా చూడమనండి.

నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి: పవర్‌షెల్లో ఏ తీసేసే ఆజ్ఞకైనా చివర 'వాట్ఇఫ్' అని చేర్చి ముందు నడపండి. ఏం చేయబోతోందో చెప్తుంది, చేయదు. ఆ చెప్పినదాన్ని ఫైల్లోకి తీసి, ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టి, మీకు తెలిసిన మనిషి పేరు అందులో ఎందుకుందో అడగండి. లైనక్స్ వైపు అయితే రిమూవ్ ఆజ్ఞ బదులు ముందు ఎకో పెట్టి చూడండి, అదే పని. పాత లాప్‌టాప్ ఒకటి ఉంటే పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ డబ్బులు లేకుండా వేసుకోవచ్చు. మా రూములో ఒకటి నడుస్తోంది, అయిదు పెట్టెలున్నాయి, అన్నీ మా పేర్లే. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరైనా వచ్చి 25వ పోర్టులోకి వెళ్లి హెలో అని కొట్టి చూడొచ్చు. వచ్చేసారి పోస్ట్‌ఫిక్స్ లాగ్ వరస వరస ఎలా చదవాలో రాస్తాం. 550 వచ్చిన మెయిళ్లు మీ దగ్గరుంటే, పేర్లు కొట్టేసి స్క్రీన్‌షాట్లు కామెంట్లో పెట్టండి.